అన్నయ్య కారులో మడ్డి

‘స్నేహం’ అన్న మాటకు సంస్కృతంలో రెండర్థాలున్నాయి. ఒకటి అందరికీ తెలిసిన ప్రీతి, చెలిమి. రెండవది నూనె, చమురు, జిడ్డు. ఉన్నత పాఠశాలలో తెలుగు పండితుడిగా పనిచేసిన ముప్పై నాలుగేళ్లలో ఈ శ్లేషను ఎన్ని తరగతులకు వివరించానో లెక్క లేదు. ప్రమిదలో స్నేహం ఉన్నంతసేపే వత్తి వెలుగుతుందనీ, మనుషుల నడుమ కూడా అంతేననీ చెబితే పిల్లలు ముచ్చటపడేవారు. చెప్పిన నాకు మాత్రం ఆ రెండర్థాలూ ఏకకాలంలో బోధపడింది పదవీ విరమణ తరువాతనే. ఒక పాత మారుతి కారు కింద పడుకుని పైకి లేచిన నా పూర్వ శిష్యుడు, అరచేతిలో నల్లటి మడ్డిని పట్టి చూపించిన నాడు.

పండితుడికి ఇంజనుతో పనేమిటని నవ్వుకునేవారు నవ్వుకోవచ్చు. నవ్విన తరువాత చివరిదాకా చదవమని మాత్రం ప్రార్థన. చివరిదాకా చదవకపోవడమే ఈ కథలోని అపరాధం.

ఆ కారు మా అన్నయ్యది. తెల్లని మారుతి 800. 1983 డిసెంబరులో మొదటి బండి రోడ్డెక్కిన నాటి నుంచి 2014 జనవరిలో తయారీ ఆగిపోయేవరకు మన దేశంలో మధ్యతరగతి ఇంటికి కారు అంటే అదే కదా! మూడు సిలిండర్లు, 796 సి.సి. ఇంజను. అన్నయ్య 1998లో కొన్నది కార్బురేటరు ఉన్న పాత పద్ధతి బండి. కొన్న మరునాడే చీరాల నుంచి పొన్నూరు మీదుగా తెనాలి వచ్చి, మా వీథిలో రెండుసార్లు హారను కొట్టాడు. నాకు డ్రైవింగు నేర్పింది కూడా ఆ బండి మీదనే. ప్రతి సంక్రాంతికీ వదినతో, ఇద్దరు ఆడపిల్లలతో అందులోనే వచ్చేవాడు.

2012లో నాన్నగారి ఇల్లు అమ్మినప్పుడు మా ఇద్దరికీ మాట పట్టింపు వచ్చింది. వాటా సంగతి పెద్దది కాదు. అన్న మాటలు పెద్దవి. అయినా మరి మూడు సంక్రాంతులకు వచ్చాడు. 2016 తరువాత రావడం మానేశాడు. ఫోనులో పొడిపొడిగా కుశల ప్రశ్నలు, అంతే. కారు ఉండి, రెండు గంటల దారి కూడా లేని ఊరికి రాలేదంటే అది అహం కాక మరేమిటని నేను నిశ్చయించుకున్నాను. నా అహానికి ఆ నిశ్చయం బాగా సరిపోయింది.

2021 వైశాఖంలో, ఊళ్లన్నీ తలుపులు వేసుకున్న రోజుల్లో, అన్నయ్య పోయాడు. కడచూపుకు వెళ్లలేకపోయాను.

కొడుకులు లేరు గనుక ఏటా ఆబ్దికానికి నేనే కర్తను. 2023లో వదిన కారు తాళం చెవి నా చేతిలో పెట్టి, ‘‘కొట్టంలో పడి తుప్పు పడుతోంది. ఆయన చేతి బండి. బయటివాళ్లకి అమ్మ బుద్ధి కావడం లేదు. నువ్వు తీసుకెళ్లు’’ అన్నది. బ్యాటరీ, టైర్లు మార్పించి, రిజిస్ట్రేషను మరో ఐదేళ్లకు పునరుద్ధరింపజేసి తెనాలి తెచ్చుకున్నాను. గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదన్నట్లు ఖర్చు బాగానే అయింది.

మా ఊళ్లో షెడ్డు నడుపుతున్న మెకానిక్ నా దగ్గర పదవ తరగతి చదివినవాడే. తెలుగులో బొటాబొటిగా గట్టెక్కాడు. నూనె పోసే మూత విప్పి, లోపలి వైపు వేలితో రాసి చూపించాడు. మజ్జిగ మీద తేలిన మీగడలాగా తెల్లని జిగట. దాని వెనుక నల్లని పెచ్చు. ‘‘మాస్టారూ, లోపల మడ్డి బాగా పట్టింది. ఇప్పుడు ఆయిలు, ఫిల్టరు మారుస్తాను. వెయ్యి కిలోమీటర్లు తిరిగాక మళ్లీ మారుద్దాం. ఆ తర్వాత ఇంకోసారి. మెల్లగా దిగుతుంది. లేదంటారా, రెండు రోజులు బండి వదిలేయండి, ఛాంబరు దించి చేత్తో కడిగేస్తాను’’ అన్నాడు. ఛాంబరు అంటే ఇంజను అడుగున నూనె నిలిచే తొట్టి. నేను మొదటి వైద్యానికి తలూపి, దానిలోనూ మొదటి మోతాదు మాత్రం పుచ్చుకుని, మిగిలిన రెండూ మరచిపోయాను.

మరుసటి ఏడు, 2024 వేసవిలో, ఆబ్దికానికి చీరాల వెళ్లవలసిన వారం ముందు ఇంజను చప్పుడు కాస్త గరగరమనిపించింది. అన్నయ్య తిథికి అన్నయ్య బండి కొత్త బండిలా గుమ్మంలో నిలవాలని నాకొక ముచ్చట. కారు సామగ్రి అమ్మే దుకాణంలో ఒక కుర్రవాడు చిన్న డబ్బా చేతిలో పెట్టాడు. పాత నూనెలో పోసి, పది నిమిషాలు ఇంజనును నిలకడగా తిప్పి, ఆ నూనె వదిలేసి కొత్తది పోస్తే లోపలంతా అద్దంలా మారుతుందట. వెల నాలుగు వందల లోపు. శిష్యుడి దగ్గరకు వెళితే రెండు రోజులు బండి వదలమంటాడని, ఆ కుర్రవాడి చేతనే ఆ పని చేయించాను. బయటికి వచ్చిన నూనె కాటుకలా ఉంది. ఎంత కల్మషం పోయిందో కదా అని సంతోషించాను.

ఆ డబ్బాలో ఉండేదేమిటో తరువాత తెలుసుకున్నాను. బడి భాషలో చెప్పాలంటే అది ద్రావణి. ఇటువంటి వాటిలో అధిక భాగం కిరోసిను జాతికి చెందిన పలుచని పెట్రోలియం ద్రవం. దానికి కొంత మురికి విడగొట్టే మందు చేరుస్తారు. సూత్రం కొత్తదేమీ కాదు. పనసపండు కోసే ముందు మన అమ్మమ్మలు చేతికి నూనె రాసుకునేవారు. పాదానికి తారు అంటుకుంటే కిరోసిను గుడ్డతో తుడిచేవారు. జిడ్డును జిడ్డు జాతిదే కరిగిస్తుంది, నీళ్లు కరిగించవు. పాతకాలపు షెడ్లలో డబ్బాల ఊసు లేకుండా కిరోసినో డీజిలో పోసి ఇంజను కడిగేవారు. ఇప్పటి డబ్బా ఆ పద్ధతికే మెరుగు పెట్టిన రూపం.

అయితే ఇంజనులో నూనె చేసే పని వేరు. గుండ్రంగా తిరిగే క్రాంకు ఇరుసుకూ దానిని మోసే బేరింగుకూ మధ్య సన్నని నూనె పొర ఉంటుంది. ఇరుసు నిజానికి లోహం మీద కాదు, ఆ పొర మీద తేలుతూ తిరుగుతుంది. బండి రోడ్డు మీద పోయేటప్పుడు నిమిషానికి మూడు నాలుగు వేల చుట్లు. ఇనుమూ ఇనుమూ రాసుకోకుండా ఆ రెండింటి మధ్య నిలిచేది స్నేహమే. ద్రావణి కలిస్తే నూనె పలుచబడుతుంది, పొర బలం తగ్గుతుంది. అందుకే అది లోపల ఉండగా బండి నడపకూడదు, నిలిపి ఉంచి తిప్పాలి అంటారు.

ఆ నియమం నేను తప్పలేదు. తప్పు మరొకచోట జరిగింది. ఏళ్ల తరబడి గోడలకు పట్టిన మడ్డి పాలలో పంచదారలా కరిగిపోదు. కొంత కరుగుతుంది. మిగిలినది నాని, ఉబ్బి, పెచ్చులుగా ఊడుతుంది. నూనె వదిలినప్పుడు ఆ పెచ్చులన్నీ బయటికి రావు. తొట్టి అడుగున నూనెను పైకి పీల్చే గొట్టానికి జల్లెడ వంటి స్ట్రైనరు ఉంటుంది. ఊడిన పెచ్చులు అక్కడికి చేరతాయి. మనం ఎంతో నమ్మకంగా మార్పించే ఫిల్టరు ఆ జల్లెడకు, పంపుకు తరువాతిది. జల్లెడ దగ్గరే దారి మూసుకుంటే ఫిల్టరు ఎంత కొత్తదైనా చేయగలిగింది లేదు.

తిథి నాడు తెల్లవారుజామున, ఉపవాసంతో, దర్భలు, నువ్వులు, కొత్త పంచె వెనుక సీటులో పెట్టుకుని ఒంటరిగా బయలుదేరాను. పొన్నూరు దాటిన తరువాత ఎదుటి పలకలో నూనె డబ్బా బొమ్మ ఉన్న ఎర్ర దీపం మినుకుమినుకుమన్నది. కొత్త నూనె పోయించి నాలుగు రోజులు కాలేదు, ఇంక దీపం ఎందుకు వెలుగుతుంది, తీగ ఏదో కదిలి ఉంటుంది అనుకున్నాను. తరువాత ఆ దీపం ఆరకుండా నిలిచింది. నేను కూడా ఆగకుండా అయిదారు కిలోమీటర్లు పోయాను. ఆ దీపానికి అర్థం ‘నూనె తక్కువైంది’ అని కాదు, ‘నూనె ఒత్తిడి లేదు, వెంటనే ఇంజను ఆపు’ అని. ముందు కటకటమన్న చప్పుడు, తరువాత లోపలెవరో సుత్తితో కొడుతున్నట్లు దెబ్బలు, చివరకు ఒక్క కుదుపు. బండి ఆగిపోయింది. మళ్లీ తాళం తిప్పితే కదలిక లేదు.

వైశాఖపు ఎండలో రోడ్డు పక్క తుమ్మచెట్టు కింద నువ్వుల పొట్లం పట్టుకుని నిలబడ్డాను. ‘తిల’ అంటే నువ్వులు, ‘తైలం’ అన్న మాట పుట్టింది దాని నుంచేనని పిల్లలకు చెప్పిన నోటికి ఆ వేళ ఒక్క మాట రాలేదు. ఒక ఆటో బాపట్ల దాకా, అక్కడి నుంచి బస్సు. అపరాహ్ణ కాలం దాటిపోకుండా ఎలాగో చేరాను. వదిన గుమ్మంలో నిలబడి ఉంది. నా వెనుక కారు కోసం చూసింది, అడగలేదు.

మూడవనాడు బండిని తాళ్లతో తెనాలి లాగించుకు వచ్చాం. శిష్యుడు ఛాంబరు దించాడు. స్ట్రైనరు జల్లెడ కన్నాలు కనబడడం లేదు, కాచిన తేయాకు పిప్పి దట్టించినట్లు ఉంది. బేరింగులు గీరుకుపోయి రాగిరంగు బయటపడింది. ఇరుసును లేతు మీద సాపు చేయించి, బేరింగులు, నూనె పంపు మార్చేసరికి పందొమ్మిది వేలు అయింది. నాలుగు వందల డబ్బాకు ఇది వడ్డీ.

అప్పుడు వాడు అరచేతిలో మడ్డి పట్టి చూపించి అన్న మాట ఇది. ‘‘మాస్టారూ, రోడ్డు మీద దూరాలు తిరిగే బండికి ఈ రకం మడ్డి పట్టదు. మీ అన్నగారు చివర్లో ఈ బండిని ఊరు దాటించలేదు. పొద్దున తీయడం, ఒక మైలు పోవడం, తెచ్చి పెట్టేయడం. ఏళ్ల తరబడి అదే పని.’’

నేను నమ్మలేదు. వాడు ఓపికగా చెప్పాడు. ఒక లీటరు పెట్రోలు మండితే సుమారు ఒక లీటరు నీరు ఆవిరై పుడుతుందట. చాలావరకు పొగగొట్టంలో పోతుంది. కొంత పిస్టను రింగుల సందుల్లోంచి కిందికి దిగి నూనెలో కలుస్తుంది. ఇంజను బాగా వేడెక్కి అరగంట నడిస్తే ఆ నీరు మళ్లీ ఆవిరై వెళ్లిపోతుంది. రెండు నిమిషాల ప్రయాణాలలో ఇంజను వేడెక్కదు. నీరు, సగం మండిన పెట్రోలు, మసి అన్నీ నూనెలోనే ఉండిపోయి, కలిసి, విరిగి, మడ్డి కడతాయి. ఎక్కువ తిరిగిన బండి కన్నా తక్కువ తిరిగిన బండికే ఈ రోగం ఎక్కువ. తాళపత్రం అంచులు చూసి దాని వయసు చెప్పే పెద్దలను నేను ఎరుగుదును. మడ్డిని చూసి మనిషి దినచర్య చెప్పినవాణ్ణి అప్పుడే చూశాను.

ఇంటికి వచ్చి, కారు అరలో ఏడాదిగా పడి ఉన్న అన్నయ్య చేతి పుస్తకం తీశాను. లెక్కల గుమాస్తా కదా, దస్తూరి ముత్యాల కోవ. మొదటి పేజీలో ఎర్ర సిరాతో ‘ప్రతి 5000 కి.మీ.లకు ఆయిలు మార్పు’ అని రాసుకున్నాడు. 1998 నుంచి ఒక్క మార్పు తప్పలేదు. చివరిది 2016 ఫిబ్రవరి, 61,240 కిలోమీటర్ల దగ్గర. నేను బండి తీసుకున్నప్పుడు మీటరు 63 వేల పై చిల్లర. అయిదేళ్లలో రెండు వేల కిలోమీటర్లు! అయిదు వేలు పూర్తి కాలేదు గనుక అన్నయ్య నూనె మార్చలేదు. అంతటి నియమపాలకుడు ఆ నియమాన్ని సగమే రాసుకున్నాడు. ఇటువంటి సూచనలో ‘ఇన్ని కిలోమీటర్లకు గానీ, ఇన్ని నెలలకు గానీ, ఏది ముందైతే అప్పుడు’ అని ఉంటుంది. ప్రతి వారం బండి తిరిగిన రోజుల్లో కిలోమీటర్లే ముందు వచ్చేవి, రెండవ సగంతో అవసరం పడలేదు. అవసరం పడేనాటికి ఆ సగం పుస్తకంలో లేదు.

ఆ రాత్రి వదినకు ఫోను చేసి అడిగాను. కొంతసేపు మాట్లాడలేదు. ‘‘నీటికాసులు. పక్కల నుంచి వచ్చేది ఆయనకు కనబడేది కాదు. పెద్ద రోడ్డు ఎక్కడం మానుకున్నారు. తెలిసిన వీథులు గనుక పొద్దున్నే గుడికీ, కూరల బజారుకూ మాత్రం తీసేవారు. అదీ నేను పోరుపెడుతున్నా వినక. సంక్రాంతికి బస్సులో వెళదామంటే, ‘కారు ఉండి బస్సులో దిగితే తమ్ముడు కారణం అడుగుతాడు, కళ్ల సంగతి చెప్పాలి, వాడు బెంగపడతాడు’ అనేవారు. నీకు చెప్పవద్దని ఒట్టు వేయించుకున్నారు’’ అన్నది.

నేను అహమని చదువుకున్నది అది. చేతిలో ఆధారం ఉన్నది, ఏడాదిగా నా బండి అరలోనే ఉన్నది, నేను విప్పి చూడలేదు.

చెత్తబుట్టలోంచి డబ్బా తీయించి, భూతద్దం పెట్టి ఇంగ్లీషు సూచనలు మొత్తం చదివాను. పెద్ద అక్షరాలలో వాడే విధానం. అడుగున చీమకాళ్లంత అక్షరాలలో, చాలాకాలం నూనె మార్చని, మడ్డి ఎక్కువగా పేరుకున్న ఇంజనులకు వాడరాదని ఉంది. తెలుగు వాక్యంలో క్రియ చివర వస్తుంది, అసమాపక క్రియ దగ్గర ఆగి అర్థం చెప్పవద్దు, సమాపక క్రియ దాకా చదవండి అని తరతరాల పిల్లల చెవులు పట్టుకున్నవాణ్ణి. ఈ మాట శిష్యుడితో అంటే నవ్వి, ‘‘ఆ ఒక్క పాఠం నాకు గుర్తుంది మాస్టారూ. బండి చప్పుడు పూర్తిగా విన్నాకే పానా పడతాను’’ అన్నాడు.

ద్రావణులన్నీ దుష్టములని నా అభిప్రాయం కాదు. వాటి స్థానాలు వేరు. కార్బురేటరును విప్పి బయట పెట్టి, ద్రావణి చిమ్మి కడిగితే సన్నని రంధ్రాలలోని జిగురు పోతుంది. అక్కడ ఊడిన మురికి బయటికే పోతుంది గనుక భయం లేదు. ఇంజెక్షను బండ్లలో పెట్రోలుతో కలిపే శుద్ధి ద్రవ్యాలు మరొక జాతి. అమెరికాలో 1995 నుంచి పెట్రోలులో ఇటువంటి మందు కలిపి తీరాలన్న నిబంధన ఉంది. వాటిలో పాలీ ఈథర్ అమైను రకం మంచి పేరు పొందింది. అవి ఇంధనంతో పాటు మండిపోతాయి, నూనె తొట్టిలో పెచ్చులు రాల్చవు. సకాలంలో నూనె మార్చుకునే ఇంజనుకు, లోపల ఊడవలసిన మడ్డే లేదు గనుక, నేను వాడిన రకం డబ్బా కూడా సాధారణంగా హాని చేయదు. ఆ కారణం చేతనే దాని అవసరమూ పెద్దగా ఉండదు. అవసరమైన చోట ప్రమాదం, ప్రమాదం లేనిచోట అనవసరం!

ఇంకొక మాట. ఇథనాలు కూడా ద్రావణియే. 2025 నాటికి మన పెట్రోలులో దాని పాలు ఇరవై శాతానికి చేరింది. పాత బండ్ల ట్యాంకులలో పేరుకున్న జిగురును అది కదిలిస్తుంది, పాత రబ్బరు గొట్టాలను మెత్తబరుస్తుంది. అందుకని శిష్యుడు గొట్టాలన్నీ మార్చి, పెట్రోలు ఫిల్టరును తరచు చూసుకోమన్నాడు.

మంచి ఇంజను నూనెలో మురికిని విడగొట్టే మందు, విడిన మురికిని గడ్డకట్టకుండా తేలగట్టే మందు ముందే కలిపి ఉంటాయి. నూనె నల్లబడిందంటే చెడిపోయిందని నేననుకునేవాణ్ణి. మురికిని తనలోకి తీసుకున్నదన్నమాట. పొర పొరగా, వెయ్యి కిలోమీటర్లకు కొంతగా అది చేసే పనిని పది నిమిషాలలో చేయించబోయాను. ఆయుర్వేదంలో విరేచనానికి ముందు స్నేహకర్మ అని ఒకటుంది. రోగి శరీరాన్ని నేతితో, తైలంతో మెత్తబరచి, తరువాత చెమట పట్టించి, ఆపైన గానీ శోధనం చేయరు. దుర్బలుడికీ ముసలివాడికీ శోధనం జోలికి పోక మెల్లని శమనం చేస్తారు. శాస్త్రం నాకు తెలుసు. శాస్త్రం కారుకు వర్తిస్తుందని తెలియదు. అన్నదమ్ములకు వర్తిస్తుందని అసలే తెలియదు. ఏదో ఒక సంక్రాంతికి నేను బస్సెక్కి చీరాల వెళ్లి ఉంటే, ఏడాదికొక పూట ఆయన వరండాలో కూర్చుని ఉంటే చాలు, ఆ పొర ఏనాడో పలుచబడేది.

ఇప్పుడు బండి బాగానే ఉంది. కిలోమీటర్లు నిండినా నిండకపోయినా ఆరు నెలలకొకసారి నూనె మార్పిస్తున్నాను. నెలకొకసారి పొన్నూరు, బాపట్ల మీదుగా చీరాల వెళ్లి వదినను చూసి వస్తున్నాను. ఇంజను బాగా వేడెక్కాలంటే ఆ మాత్రం దూరం తిరగాలని ఆమెకు చెబుతాను, ఆమె నమ్మినట్లే వింటుంది. అన్నయ్య పుస్తకంలో 61,240 తరువాతి గీత కింద నా దస్తూరితో లెక్క కొనసాగిస్తున్నాను. మొదటి పేజీలో ఆయన ఎర్ర సిరా వాక్యం పక్కన, ఆయన రాసుకోని రెండవ సగాన్ని నల్ల సిరాతో పూర్తిచేశాను.